నేను నిద్రపోయిన సముద్రం

ఒడ్డు కనుమరుగయ్యాక మా పడవలో ఇద్దరం ఒకేసారి నిద్రపోవడం ఉండదు. రాత్రి ఏడు నుంచి పది దాకా ఆయన, పది నుంచి ఒంటిగంట దాకా నేను, ఒంటిగంట నుంచి నాలుగు దాకా మళ్ళీ ఆయన, నాలుగు నుంచి ఏడు దాకా మళ్ళీ నేను. మూడు గంటలకొక వాచ్. పగలు ఇంత కచ్చితంగా ఉండం కానీ, పగలంతా రాత్రి నిద్ర బాకీ తీర్చుకోవడానికే సరిపోతుంది. భార్యాభర్తలు చిన్న పడవలో సముద్రం దాటుతున్నారంటే రోజంతా ఎదురెదురుగా కూర్చుని కబుర్లు చెప్పుకుంటారని చాలామంది అనుకుంటారు. మేం నిజంగా కలుసుకునేది వాచ్ మారే ఆ కాసేపే. ఒకరు తడిసిన రెయిన్‌కోటు విప్పుతూ ఉంటారు, ఇంకొకరు తొడుక్కుంటూ ఉంటారు. "కుడివైపు ఓడ ఒకటుంది, దూరంగా పోతోంది. గాలి కొంచెం తగ్గింది. ఫ్లాస్కులో టీ ఉంది." అంతే.

కాబట్టి ఏ ప్రయాణమైనా నాకు తెలిసింది సగమే. మిగతా సగం నేను నిద్రపోతుండగా గడిచిపోయింది. అది ఆయన దగ్గర ఉంది. నా సగం ఆయనకు తెలియదు. మేమిద్దరం చేసే రాతపని అంతా ఈ లోటు నుంచే పుట్టింది. పడవ నడపడం గురించి, రాయడం గురించి నేను చెప్పదలచిందంతా కూడా ఇదే.

నేను విశాఖపట్నంలో ఒక దినపత్రిక డెస్కులో చాలా ఏళ్ళు సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. ఆయన సరుకు ఓడల్లో మెరైన్ ఇంజినీరు. పెళ్ళయ్యాక ఏడాదికి మూడు నాలుగు నెలలు ఇంట్లో ఉంటే గొప్ప. మిగతా కాలమంతా ఉత్తరాలే. ఏ రేవు నుంచి వేశారో స్టాంపు చూస్తేనే తెలిసేది. లోపల ఇంజిన్ గది వేడి గురించి, పిస్టన్ రింగుల గురించి రాసేవారు. నేను అత్తయ్యగారి మోకాళ్ళ నొప్పుల గురించి, పిల్లాడి మార్కుల గురించి రాసేదాన్ని. ఒకరు చూడని దాన్ని ఇంకొకరికి రాసి చూపించడం అప్పుడే అలవాటైంది. తెలుగులో తొలినాటి యాత్రా గ్రంథం, ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర' కూడా 1830, 31 సంవత్సరాల్లో దారిలోంచి స్నేహితుడికి రాసి పంపిన ఉత్తరాలే కదా. ఆ స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళే వాటిని 1838లో అచ్చువేయించాడు. ఇంటి దగ్గర చదివేవాడు ఒకడున్నాడన్న ధ్యాస ఆ పుస్తకంలో ప్రతి పేజీలో కనిపిస్తుంది. యాత్ర రాసేవాళ్ళకు అంతకన్నా మంచి పాఠం నాకు తెలియదు.

అబ్బాయి ఉద్యోగంలో కుదురుకున్నాక మలేషియాలోని లంకావీలో సెకండ్ హ్యాండ్ పడవ కొన్నాం. అది సుంకాలు లేని దీవి. దూరదేశాల నుంచి తెరచాప పడవల్లో వచ్చినవాళ్ళు ఒంట్లో ఓపిక తగ్గాకో, చేతిలో డబ్బు అయిపోయాకో అక్కడే అమ్ముకుని విమానం ఎక్కుతారు. మాది 34 అడుగుల ఫైబర్‌గ్లాస్ స్లూప్. ఒక మాస్ట్, రెండు తెరచాపలు, రేవులోకి వచ్చేటప్పుడు వాడే చిన్న డీజిల్ ఇంజిన్. మా తిరుగుడంతా హిందూ మహాసముద్రంలోనే. డిసెంబరు నుంచి మార్చి దాకా ఈశాన్య రుతుపవనం నిలకడగా వీస్తుంది, ఆకాశం తేటగా ఉంటుంది. ఆ నాలుగు నెలల్లో లంకావీ నుంచి ఫుకెట్, అక్కడి నుంచి పోర్ట్ బ్లెయిర్, అక్కడి నుంచి శ్రీలంక. ఫుకెట్ నుంచి పోర్ట్ బ్లెయిర్ దాదాపు 400 నాటికల్ మైళ్ళు. గంటకు ఐదు మైళ్ళు నడిచినా మూడు రాత్రులు పైనే పడుతుంది. పోర్ట్ బ్లెయిర్ నుంచి ట్రింకోమలీ ఇంకో 700 మైళ్ళు.

వాచ్ అంటే చుక్కాని పట్టుకుని కూర్చోవడం అనుకుంటారు. అది పాతకాలం మాట. పడవ వెనక విండ్‌వేన్ అని ఒక పరికరం ఉంటుంది. గాలి దిశను పట్టుకుని, పడవ పక్కకు తిరిగినప్పుడల్లా చుక్కానిని సరిచేస్తుంది. దానికి కరెంటు అక్కర్లేదు. 1960లో అట్లాంటిక్ మీద జరిగిన తొలి ఒంటరి పడవల పందెంలో బ్లాండీ హాస్లర్ అనే ఇంగ్లీషాయన ఇలాంటిది వాడి చూపించాక, ఒకరిద్దరు మనుషులే సముద్రాలు దాటడం తేలికయింది. దాని పని అది చేసుకుపోతుంటే మన పని కళ్ళు తెరుచుకుని ఉండడం. దిగంతం మీద ఓడ దీపం కనిపించిన దగ్గర్నుంచి అది మన మీదకు రావడానికి పదిహేను ఇరవై నిమిషాలు చాలు. అందుకని మొదటి నియమం, వంటింటి టైమరు పన్నెండు నిమిషాలకు పెట్టుకుని, మోగినప్పుడల్లా లేచి నాలుగు దిక్కులా చూడాలి. ఓడలు పంపే రేడియో సంకేతాలను చూపే ఏఐఎస్ తెర మీద పెద్ద ఓడలు కనిపిస్తాయి కానీ, చేపల పడవలు చాలావాటికి అది ఉండదు. కొన్నిటికి దీపం కూడా ఉండదు.

రెండో నియమం హార్నెస్. మెట్లెక్కి కాక్‌పిట్‌లోకి అడుగు పెట్టకముందే నడుము తాడు కొక్కేన్ని కొండీకి తగిలించాలి. ఐదు నాట్ల వేగంతో పోయే పడవ ఒక్క నిమిషంలో నూట యాభై మీటర్లు దాటిపోతుంది. కిందపడ్డవాళ్ళు అరిచినా లోపల నిద్రపోతున్న మనిషికి వినిపించదు. మూడో నియమం, రాత్రిపూట రెండో మనిషిని లేపకుండా ముందు డెక్ మీదికి వెళ్ళకూడదు. పడవలో మేం పోట్లాడుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి గానీ, ఈ మూడు నియమాల మీద ఎప్పుడూ పోట్లాడుకోలేదు. నేను నిద్రపోగలుగుతున్నానంటే ఆయన కొక్కెం తగిలించుకునే ఉంటారన్న భరోసాతోనే.

ఇక టైమరు మోగే మధ్యలో లాగ్‌బుక్. గంటకోసారి రాయాలి. టైము, అక్షాంశ రేఖాంశాలు, నడిచే దిశ, వేగం, బారోమీటరు, గాలి, చివర్న రిమార్క్స్. అంకెల గడులు ఎవరు నింపినా ఒక్కలాగే ఉంటాయి. మా కాపురమంతా ఆ చివరి గడిలో ఉంది. ఆయన రాత ఇంజిన్ గది రాత: "బిల్జ్ పొడిగా ఉంది. బ్యాటరీ 12.6. ఎడమవైపు చేపల దీపాలు ఐదారు." నా రాత ఆరంభంలో సాగుతూ ఉండేది, మార్జిన్లోకి పోయేది. చలి, వాసన, ఎగిరే చేప డెక్ మీద పడ్డ చప్పుడు. "స్థలం వృథా చేయకు" అని ఒకసారి పక్కన రాశారు. దాని కింద నేను "బ్యాటరీ గురించి రేపు ఎవరు చదువుతారు?" అని రాశాను. ఇద్దరికీ ఎదుటివాళ్ళ రాత అలవాటు కావడానికి రెండు సీజన్లు పట్టింది. ఆయన రిమార్కుల్లో ఇప్పుడు వాసనలు కూడా ఉంటాయి. నేను చేపల దీపాలు లెక్కపెట్టి రాస్తాను.

పెన్ను సముద్రంలో పనికిరాదు. తడి తగిలితే సిరా కారిపోతుంది. 2బీ పెన్సిలు, దళసరి అట్ట నోటుబుక్కు. బయల్దేరిన మొదటి రెండు రోజులు అంకెలు తప్ప ఏమీ రాయలేం. ఊగే పడవలో తల వంచి అక్షరాలు చూస్తే కడుపులో తిప్పుతుంది. మూడో రోజుకు ఒళ్ళు సర్దుకుంటుంది. అసలైన రాత అప్పుడు మొదలవుతుంది. వంట కూడా అప్పుడే. గిన్నెలు జారిపోయే చోట ప్రెషర్ కుక్కరంత ఆప్తమైన వస్తువు లేదు. మూత బిగించాక ఎంత ఊగినా పప్పు ఒలకదు. గోంగూర పచ్చడి, కందిపొడి, చింతపండు ఎప్పుడూ ఉంటాయి.

సముద్రం గురించి మనిషికి తెలిసినదంతా ఇలా ఎవరి లాగ్‌బుక్కులో వాళ్ళు రాసుకున్న తునకలుగా పోగైందే. మా సముద్రానికి సంబంధించిన కథ ఒకటుంది. 1839 నవంబరులో పెద్ద తుపాను కోరంగిని ముంచేసింది. కాకినాడ పక్కన, గోదావరి సముద్రంలో కలిసే చోటున్న రేవు అది. ఓడలు కట్టిన ఊరు, రంగూనుకు మనుషుల్ని మోసిన ఊరు. ఆ రోజుల్లో కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన ఉండేవాడు. ఒకప్పుడు ఓడ నడిపినవాడే. తుపానులో చిక్కిన ఓడల లాగ్‌బుక్కులు సేకరించి, ఏ గంటకు ఏ ఓడ ఎక్కడుందో, దానికి గాలి ఏ వైపు నుంచి వీచిందో పటం మీద గుర్తులు పెట్టేవాడు. ఒక ఓడ కెప్టెను గాలి ఉత్తరం నుంచి వచ్చిందని రాస్తాడు. అదే గంటకు ఇంకో ఓడ వాడు దక్షిణం నుంచి అంటాడు. ఎవరూ అబద్ధమాడలేదు. అన్నీ కలిపి చూస్తే గాలి గుండ్రంగా తిరుగుతోందని బయటపడింది. కోరంగి తుపాను మీద కూడా ఆయన ఇలాగే ఒక పరిశోధన వ్యాసం రాశాడు. 1848లో నావికుల కోసం రాసిన చేతిపుస్తకంలో ఈ సుడిగాలులకు సైక్లోన్ అన్న పేరు పెట్టింది కూడా ఆయనే. ఇప్పుడు ఉపగ్రహాలున్నాయి, ఫోనులోనే వాయుగుండం బొమ్మ కనిపిస్తుంది. కానీ ఆ ఓడల మీద వానలో తడుస్తూ, చేతులు వణుకుతుంటే కూడా గంటకోసారి గాలి దిశ రాసిపెట్టిన మనుషుల మీద నాకు చెప్పలేనంత గౌరవం. వాళ్ళలో ఎవరికీ తమ ముక్క దేనికి పనికొస్తుందో తెలియదు.

మా పని కూడా అలాంటిదే, కొలత చిన్నది. ఒక జనవరిలో పోర్ట్ బ్లెయిర్ నుంచి ట్రింకోమలీ పోతుండగా జరిగిన రాత్రి సంగతి చెబుతాను.

ఉష్ణమండలంలో బారోమీటరు రోజుకు రెండుసార్లు ఎక్కి దిగుతుంది. పొద్దున పదింటికి, రాత్రి పదింటికి ఎక్కువ. తెల్లవారుజామున నాలుగింటికి, సాయంత్రం నాలుగింటికి తక్కువ. తేడా మూడు మిల్లీబార్ల దాకా ఉంటుంది. కాబట్టి సూది తగ్గగానే కంగారు పడకూడదు. ఆ వేళకు ఉండాల్సిన దానికంటే మూడు తగ్గితే అనుమానించాలి. ఐదు తగ్గితే దగ్గర్లో ఏదో తుపాను ఉన్నట్టే. ఆ రాత్రి ఒంటిగంటకు నేను పడుకోవడానికి దిగేటప్పటికి రెండు తగ్గింది. "చూస్తూ ఉండండి" అన్నాను. "పడుకో" అన్నారు.

నాలుగింటికి లేచి లాగ్ చూశాను. ఇలా ఉంది: "02.20. వాన. గాలి ఈశాన్యం నుంచి తూర్పుకు తిరిగింది, 30 దాకా. హీవ్ టు. బారో నాలుగు తక్కువ. లేపలేదు." ఆ తర్వాత మూడున్నరకు: "బారో నిలబడింది. వాన తగ్గింది."

హీవ్ టు అంటే పడవను ఉన్నచోటే దాదాపు నిలబెట్టడం. ముందు చాపను గాలి వచ్చే వైపుకు లాగి కట్టి, చుక్కాని కర్రను రెండోవైపు కట్టేస్తే, చాప పడవను ఒకవైపు తిప్పబోతే చుక్కాని ఇంకోవైపు తిప్పబోతుంది. రెండూ సరితూగి పడవ తన బరువు మీద తాను సర్దుకుని కూర్చుంటుంది. నెమ్మదిగా పక్కకు కొట్టుకుపోతూ ఉంటుంది, అంతే. మా పడవలో ఈ పనంతా కాక్‌పిట్ నుంచే చేయొచ్చు, కాబట్టి నియమం తప్పలేదు. నేనేమో ఆ మూడు గంటలు సీజనంతటిలో అంత హాయిగా ఎప్పుడూ నిద్రపోలేదు. పడవ ఊపు ఒక్కసారిగా తగ్గింది కదా. ఆయన పైన చీకట్లో, వానలో, గాలి ఇంకా ముదురుతుందో లేదో తెలియక బారోమీటరుకూ కాక్‌పిట్‌కూ మధ్య మెట్లెక్కి దిగుతున్న గంటలు నాకు హాయైన గంటలు.

ఆ రాత్రి గురించి రాయాలి. నేనేం రాయను? నా దగ్గరున్నది నిద్ర. ఆయన్ని అడగాలి.

డెస్కులో పనిచేసినప్పుడు విలేకరులకు మేం చెప్పే మొదటి మాట, "మీకెలా అనిపించింది?" అని ఎవర్నీ అడగొద్దని. దానికి అందరూ ఒకే జవాబు చెబుతారు. భర్తను అడిగితే అసలు జవాబే రాదు. "ఏముంది, వాన పడింది" అంటారు. కాబట్టి చేతుల గురించి అడుగుతాను, చెవుల గురించి అడుగుతాను. "గాలి తిరిగిందని ఎలా తెలిసింది? చీకట్లో జెండా కనిపించదు కదా?" "ఎడమ చెవి వెనక చల్లగా ఉండేది. కాసేపటికి చెంప మీదకు వచ్చింది." "అప్పుడు మీ చేతులు ఎక్కడున్నాయి?" "వించ్ మీద. కుడిచెయ్యి." "నన్ను ఎందుకు లేపలేదు?" దీనికి చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత అన్నారు: "లేపితే నీ మొహం చూసి నాకు భయమేసేది." ఇన్నేళ్ళ కాపురంలో ఆయన భయం అన్న మాట అనడం అదే మొదలు. అడగకపోతే ఆ మాట ఆయనతోనే ఉండిపోయేది.

ఆయన నన్ను అడిగే పద్ధతి వేరు. తెల్లవారుజాములు నావి కదా, అవి ఆయనకు తెలియవు. "ఎంతసేపు? ఎన్ని? ఏ వైపు?" అంటారు. డాల్ఫిన్లు వచ్చాయని నేను రాస్తే "ఎన్ని?" అంటారు. తెల్లారేముందు సముద్రం వాసన మారుతుందని రాస్తే "నేల ఎంత దూరంలో ఉంది?" అని పటం తీస్తారు. మొదట్లో విసుగొచ్చేది. కానీ ఆ ప్రశ్నల వల్ల నా వాక్యాల్లో నీళ్ళు తగ్గాయి. కెరటాల ఎత్తు మీద మాత్రం ఇప్పటికీ తేలదు. ఆయన రెండున్నర మీటర్లంటే నేను నాలుగంటాను. కాక్‌పిట్‌లో కూర్చున్న మనిషి కన్ను నీటికి రెండు మీటర్ల ఎత్తులో కూడా ఉండదు, అందుకే ప్రతి అల పెద్దదిగా కనిపిస్తుందని ఆయన వాదన. వాతావరణ శాఖ వాళ్ళు చెప్పే ఎత్తు పెద్ద అలల సగటే గానీ, అప్పుడప్పుడూ దానికి రెట్టింపు దగ్గరగా ఒకటి వస్తుందని నా వాదన. రెండూ నిజమే. పుస్తకంలో ఎత్తులు ఆయనవి వేస్తాం, చప్పుళ్ళు నావి.

జనవరిలో ఆ అక్షాంశాల దగ్గర దక్షిణాన కనిపించే సదరన్ క్రాస్ నక్షత్రాలు కూడా ఇలాంటివే. ఆయన వాచ్‌లో, ఒంటిగంట దాటాక, ఆ శిలువ పక్కకు ఒరిగి నీళ్ళలోంచి పైకి వస్తుంది. నా వాచ్‌లో తెల్లవారేసరికి నిటారుగా నిలబడుతుంది. ఆయన రాసిన దాంట్లో అది ఒరిగి ఉంది, నేను రాసిన దాంట్లో నిలబడి ఉంది. అచ్చు పంపేముందు ఒక యువ ఎడిటర్ ఇది తప్పేమోనని అడిగాడు. అంత శ్రద్ధగా చదివినందుకు నాకు ఆ అబ్బాయి మీద ఎంతో గౌరవం కలిగింది.

పుస్తకం మీద ఎవరి పేరు వేయాలన్నది చిన్న సంగతి కాదు. ఇంగ్లాండుకు చెందిన ఎరిక్, సూసన్ హిస్కాక్ దంపతులు 1952లో వాండరర్ త్రీ అనే 30 అడుగుల పడవలో బయల్దేరి 1955కల్లా భూమి చుట్టివచ్చారు. ఆ తర్వాత ఇంకోసారి చుట్టారు. ఎరిక్‌కు చిన్నప్పటి నుంచీ చూపు తక్కువ. ఆయన రాసిన 'క్రూజింగ్ అండర్ సెయిల్', 'వాయేజింగ్ అండర్ సెయిల్' పుస్తకాలు చదివి ఒక తరమంతా సముద్రంలోకి దిగింది. అట్ట మీద ఆయన పేరొక్కటే. చూపు తక్కువైన మనిషి పుస్తకంలో అంత సముద్రం కనిపిస్తోందంటే పక్కన మరో జత కళ్ళు ఉన్నాయని నేను నమ్ముతాను. (ఆ వాండరర్ త్రీ తర్వాత థీస్ మాట్జెన్, కిక్కీ ఎరిక్సన్ అనే ఇంకో జంటకు ఇల్లైంది. వాళ్ళు దక్షిణ జార్జియా దీవి మంచులో శీతాకాలాలు గడిపారు, ఫొటోలతో పుస్తకం తెచ్చారు.)

ఇంకో జంట మైల్స్, బెరిల్ స్మీటన్. ఆయన ఒకప్పుడు మన భారత సైన్యంలో అధికారి. 1957 ఫిబ్రవరిలో కేప్ హార్న్ వైపు పోతుండగా వాళ్ళ త్జూ హాంగ్ పడవను ఒక కెరటం వెనక నుంచి లేపి తలకిందులుగా కొట్టింది. మాస్టులు రెండూ విరిగిపోయాయి. చుక్కాని దగ్గరున్న బెరిల్ సముద్రంలోకి విసిరేసినట్టు పడిపోయింది. మైల్స్, వాళ్ళతో వచ్చిన జాన్ గజ్‌వెల్ లోపల ఉన్నారు. పైకొచ్చి ఆమెను లాగారు. పడవను ఎలాగో అతికించుకుని చిలీ చేరారు. ఈ కథ 'వన్స్ ఈజ్ ఇనఫ్' పుస్తకంలో ఉంది. రాసింది మైల్స్. కానీ ఆ కెరటాన్ని చూసింది బెరిల్ ఒక్కతే. ఆ పేజీలు చదివినప్పుడల్లా, గాయపడి పడుకున్న భార్య పక్కన కూర్చుని ఆయన ఏం అడిగి ఉంటాడో, ఆమె ఎంత చెప్పి ఎంత దాచుకుని ఉంటుందో అని ఆలోచిస్తాను. బెరిల్ కూడా రచయిత్రే, తన యాత్రల మీద పుస్తకాలు రాసింది. ఆ ఒక్క అల గురించి ఆమె చేత్తో రాసిన అధ్యాయం ఆ పుస్తకంలో ఉంటే ఎంత బాగుండేది! 1968లో వాళ్ళు పట్టు విడవకుండా కేప్ హార్న్ దాటారు కూడా.

లిన్, లారీ పార్డే దంపతులు ఈ లెక్క వేరేలా తేల్చుకున్నారు. వాళ్ళు చేత్తో కట్టుకున్న 24 అడుగుల సెరాఫిన్ 1968లో నీళ్ళలోకి దిగింది. దానికి ఇంజిన్ లేదు. తర్వాత కట్టుకున్న టాలీసిన్‌కూ లేదు. దారిలో లారీ వడ్రంగం చేసేవాడు, ఇద్దరూ ఇతరుల పడవలు చేరవేసేవాళ్ళు, లిన్ రాసేది. రాసింది ఎక్కువగా ఆమే అయినా పుస్తకాల మీద ఇద్దరి పేర్లూ వేశారు. జపాన్ నుంచి కెనడా దాకా రోజూ ఏం వండిందో, ఏది పాడైందో, లారీ ఏం తినలేదో రాసుకున్న లెక్కల్లోంచి ఆమె ఒక వంట పుస్తకమే తీసింది. పడవ వంటింటి గురించి అంతకంటే నిజాయితీ అయిన పుస్తకం నేను చదవలేదు. మేమూ వాళ్ళ దారే పట్టాం. రెండు పేర్లు. పైగా ఒక నియమం: ఒక్కరే చూసినదాన్ని ఇద్దరం చూసినట్టు రాయకూడదు.

లారీ 2020లో న్యూజిలాండ్‌లో పోయాడు. లిన్ ఆ తర్వాత కూడా రాస్తూనే ఉంది. ఈ వయసులో నేను ఎక్కువగా ఆలోచించేది దాని గురించే. ఇద్దరిలో ఒకరు పోయాక, నిద్రపోయిన గంటల గురించి ఎవర్ని అడగాలి? ఆన్ డేవిసన్ కథ ఇంకా కఠినం. 1949లో ఆమె, భర్త ఫ్రాంక్ అప్పుల్లోంచి బయటపడే దారిలేక ఇంగ్లాండు తీరం నుంచి రిలయన్స్ అనే పడవలో బయల్దేరారు. పోర్ట్‌లాండ్ బిల్ రాళ్ళ మీద పడవ పగిలిపోయింది. ఫ్రాంక్ చనిపోయాడు. ఆమె ఒక్కతే ఒడ్డు చేరింది. ఆ ప్రయాణాన్ని 'లాస్ట్ వాయేజ్'గా 1951లో అచ్చుకిచ్చింది. ఆ మరుసటేడు 23 అడుగుల ఫెలిసిటీ ఆన్ పడవలో ఒంటరిగా బయల్దేరి అట్లాంటిక్ దాటింది. ఒంటరిగా అట్లాంటిక్ దాటిన మొదటి ఆడమనిషి ఆమే. ఆమె మొదటి పుస్తకం ఇద్దరి తరఫునా రాసిన ఒక మనిషి పుస్తకం. మేం లాగ్‌బుక్కులు ఒక్కటి కూడా పారేయకపోవడానికి ఆమే కారణం. ప్రతి సీజన్ చివర వాటిని ఫొటోలు తీసి అబ్బాయికి పంపిస్తాం.

పోర్ట్ బ్లెయిర్ గురించి చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తికాదు. ఇప్పుడు దాని పేరు శ్రీ విజయపురం. పడవలో వచ్చినవాళ్ళకు అక్కడ కాగితాల పని ఎక్కువ. ఎక్కడ లంగరు వేస్తామో ముందే రాసివ్వాలి, రోజూ ఎక్కడున్నామో చెప్పాలి. కానీ జంగ్లీఘాట్ జెట్టీ మీద అడుగు పెడితే చెవులకు ప్రాణం లేచొస్తుంది. చేపల బేరమంతా తెలుగులోనే. శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డ మత్స్యకారులు. ఒక పెద్దాయన మా పడవ వైపు చూసి "ఇంజినుండగా గాలి మీద పోడమేటమ్మా?" అన్నాడు. మావారు ఆయనకు విండ్‌వేన్ చూపించారు. పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, తాడు ఒరుసుకుంటున్న చోటు వేలితో చూపించి, అక్కడ గుడ్డ చుట్టమన్నాడు. చుట్టాం. ఆ సీజనంతా ఆ తాడు తెగలేదు. రాత్రుళ్ళు వేటకు పోయినప్పుడు జరిగింది ఇంట్లో చెబుతారా అని అడిగాను. "సెప్పేదేటుంటాదమ్మా. సేపని సూసి అదే కనుక్కుంటాది" అన్నాడు. ఆయన భార్యను కూడా కలిశాను. తెచ్చిన చేపను బట్టి ఎంత లోతుకు పోయారో, వల ఎక్కడ చిరిగిందో, ఆ రాత్రి గాలెలా ఉందో అన్నీ చెప్పింది. నాకు లాగ్‌బుక్కు కావాలి. ఆమెకు అక్కర్లేదు.

డబ్బు సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. ఈ రాత మీద బతకలేం. తెలుగు వ్యాసానికి వచ్చే పారితోషికంతో పడవ అడుగుకు వేసే రంగు డబ్బా కొనలేం, ఏడాదికోసారి ఆ రంగు వేయకపోతే నాచు, గవ్వలు పట్టేసి పడవ వేగం పడిపోతుంది. ఇంగ్లీషు పడవల పత్రికలు మేలు. వాళ్ళకు ఎక్కువగా కావాల్సింది పని పద్ధతులు, ఏ భాగం ఎలా విప్పాలి, ఎలా బిగించాలి. అవి ఆయన చెప్తుంటే నేను రాస్తాను. వానాకాలంలో పడవను ఒడ్డెక్కించాక ఆయన ఇతరుల ఇంజిన్లు బాగుచేస్తారు, నేను అనువాదాలు చేస్తాను. ఇప్పటి జంటలు వీడియోలు తీస్తున్నారు, బాగా చేస్తున్నారు కూడా. నేను రాతనే పట్టుకుని ఉండడానికి కారణం ఒక్కటే. కెమెరా మేలుకున్న మనిషి దగ్గరే ఉంటుంది. లోపల నిద్రపోతున్న మనిషి చెవికి ఆ రాత్రి ఎలా వినిపించిందో అది చెప్పలేదు.

తెలుగు పాఠకుల్లో కూడా మార్పు వచ్చింది. 2018 మే 21న ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే తెరచాప పడవ భూమి చుట్టి గోవా చేరినప్పుడు అందులోని ఆరుగురు నౌకాదళ మహిళల్లో ఇద్దరు మన అమ్మాయిలు, విశాఖ నుంచి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్ నుంచి బొడ్డపాటి ఐశ్వర్య. అంతకుముందు "ఆయన అంటే నావికుడు, మీకెందుకమ్మా ఈ వయసులో?" అని అడిగేవాళ్ళు. ఆ తర్వాత "చాప కుదించడానికి ఎంత టైము పడుతుంది? నేర్చుకోవాలంటే ఎక్కడికి పోవాలి?" అని అడుగుతున్నారు. ఇవి జవాబు చెప్పదగిన ప్రశ్నలు. గాలి పెరుగుతుందేమో అన్న ఆలోచన రాగానే చాప కుదించాలి, పెరిగాక కాదు.

మా రెండో పుస్తకం ఇప్పుడు ప్రూఫుల్లో ఉంది. ట్రింకోమలీ దారిలో హీవ్ టు చేసిన ఆ రాత్రి అందులో రెండుసార్లు వస్తుంది. మొదటిది ఆయనది, చిన్నది. చెవి వెనక చల్లదనం, వించ్ మీద కుడిచెయ్యి, బారోమీటరు అంకెలు. భయం మాట కూడా ఉంచారు, నేను అడగలేదు. రెండోది నాది. పడవ గోడకు తల ఆనించి పడుకుంటే నీళ్ళ చప్పుడు ఎలా తగ్గుతూ వచ్చిందో, కలలో నేను దాన్ని రేవు చేరడమని ఎలా అనుకున్నానో. ప్రచురణకర్త రెండిటినీ కలిపి ఒకటి చేయమన్నారు. పాఠకుడికి ఒకే రాత్రి రెండుసార్లు ఎందుకని ఆయన ప్రశ్న. కలిపి రాసి చూశాం. వర్ణన బాగానే వచ్చింది, కానీ అందులో ఇద్దరం మేలుకుని ఉన్నట్టుంది. దాన్ని తీసేసి, రెండు అధ్యాయాలూ విడివిడిగానే ఉంచి, ఏది ఎవరిదో పైన పేరుతో వేయమని రాసి పంపాం. ఆయన ఒప్పుకున్నారు. ఇంకా మిగిలింది పటం. పోర్ట్ బ్లెయిర్ నుంచి ట్రింకోమలీ దాకా గీత ఒకటే అయినా, ఎవరి వాచ్‌లో నడిచిన దూరం వాళ్ళదిగా తెలిసేలా రెండు రకాల గీతలతో గీయాలని మావారి పట్టుదల. ఈ వారమంతా లాగ్‌బుక్కులు ముందేసుకుని ఆ పని మీదే ఉన్నాం.